జైలు గేటు లోపల మనసు పని: పాలమూరు, నల్లగొండ సోషల్ వర్కర్లకు మార్గదర్శి

రిమాండ్ మీద వచ్చిన మనిషి మొదటి రోజు గోడకు ఆనుకొని ఊరికే కూర్చుంటాడు. రెండో రోజు టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. మూడో రాత్రి బ్యారక్‌లో ఎవరూ లేని మూలకు వేలు చూపించి "వాళ్లను బయటికి పొమ్మను" అని అరవడం మొదలుపెడతాడు. పక్కవాళ్లకు నిద్ర ఉండదు. డ్యూటీలో ఉన్న వార్డరు "నాటకాలు చేస్తుండు మేడం" అంటాడు. తోటి ఖైదీ "గాలి సోకింది" అంటాడు. అసలు సంగతేమంటే, ఇరవై ఏళ్లుగా పొద్దునా సాయంత్రం తాగిన మందు కల్లు (మత్తు మందు కలిపిన కల్తీ కల్లు) మూడు రోజులుగా అతనికి అందలేదు.

జైల్లో మానసిక ఆరోగ్యం అంటే ఎదురుగా కుర్చీ వేసుకొని ఓదార్పు మాటలు చెప్పడం అనుకొని వచ్చే కొత్తవాళ్లకు నేను ముందు ఈ మూడో రాత్రి గురించే చెబుతాను. పాలమూరు, నల్లగొండ వైపు ఈ పనిలోకి రావాలనుకునే ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) వాళ్ల కోసం, వచ్చి తికమకపడుతున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మన పనిలో కౌన్సెలింగ్ కొంతే. డాక్టరుకు కబురు, కోర్టుకు కాగితం, ఇంటికి ఫోను. మిగతాదంతా ఈ మూడింటి చుట్టే తిరుగుతుంది.

1. లోపల ఎవరుంటారో తెలుసుకోండి

జైలు అనగానే జీవిత ఖైదు పడ్డవాళ్లు గుర్తొస్తారు. జిల్లా జైలులో, సబ్ జైలులో ఎక్కువగా కనబడేది రిమాండ్ వాళ్లు. 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. పెద్ద శిక్షలు పడ్డవాళ్లు చర్లపల్లి లాంటి సెంట్రల్ జైళ్లకు వెళ్తారు. కాబట్టి ఈ రోజు మీ ముందు కూర్చున్న మనిషి వచ్చే వారం బెయిలు మీద వెళ్లిపోవచ్చు. క్లాసులో నేర్చుకున్న పన్నెండు సిట్టింగుల ప్లాన్ ఇక్కడ పనికిరాదు. మళ్లీ కలవకపోవచ్చు అనుకొని ప్రతిసారీ మాట్లాడాలి.

ఎంతమందికి సమస్య ఉంటుందంటే, బెంగళూరు సెంట్రల్ జైలులో నిమ్హాన్స్ (అక్కడి జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) వాళ్లు 5,024 మందిని చూసి 2011లో ప్రచురించిన లెక్క ఒకటుంది. 79.6 శాతం మందికి మానసిక జబ్బు గానీ మత్తు అలవాటు గానీ ఉందని తేలింది. మత్తును పక్కన పెట్టినా 27.6 శాతం మిగిలారు. మోడల్ ప్రిజన్ మాన్యువల్ 500 మంది ఖైదీలకు ఒక సైకాలజిస్టు లేదా కౌన్సెలర్ ఉండాలంటుంది. ఆ ఒక్కరు ఉన్నా, పక్కన సోషల్ వర్కర్ లేకపోతే సగం పని బయటే ఆగిపోతుంది.

భాష సంగతి కూడా ఇక్కడే. మహబూబ్‌నగర్ టౌనులో ఉర్దూ, నారాయణపేట సరిహద్దున కన్నడ, దేవరకొండ, అచ్చంపేట తండాల వాళ్లకు లంబాడీ. పెద్ద వయసు లంబాడీ మనిషి తెలుగులో "మంచిగనే ఉన్న" అంటాడు. అదే మాట అతని భాషలో అడిగిస్తే ఏడుస్తాడు. పది మాటలు నేర్చుకోండి, చాలు. మిగతాది నమ్మకమైన తోటి ఖైదీతో అడిగించవచ్చు, కానీ చావు ఆలోచనల గురించీ, కేసు గురించీ మాత్రం వాళ్ల ద్వారా అడిగించొద్దు.

2. చదువు, ఉద్యోగం

మొదటి మెట్టు ఎంఎస్‌డబ్ల్యూ. డిగ్రీ ఏదైనా సీపీగెట్ (పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఉస్మానియా, కాకతీయ, పాలమూరు యూనివర్సిటీల్లో చేరవచ్చు. హైదరాబాద్‌లో రోడా మిస్త్రీ కాలేజీ ఉంది. నేరం, న్యాయ వ్యవస్థ మీదే చదవాలనుకుంటే ముంబై టిస్ (టాటా సామాజిక శాస్త్రాల సంస్థ)లో క్రిమినాలజీ అండ్ జస్టిస్ స్పెషలైజేషన్ ఉంది. ఆ సంస్థే 1990లో మొదలుపెట్టిన ప్రయాస్ ప్రాజెక్టు సోషల్ వర్కర్లు ముంబై జైళ్లలో ఏళ్ల తరబడి పని చేస్తున్నారు. ఒక నెల అక్కడ ఫీల్డ్ వర్క్ దొరికితే వదులుకోకండి.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. ఎంఎస్‌డబ్ల్యూ అవగానే పేరు కింద "సైకియాట్రిక్ సోషల్ వర్కర్" అని రాసుకుంటారు. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 2017 ప్రకారం ఆ పేరుకు ఎంఎస్‌డబ్ల్యూ మీద రెండేళ్ల ఫుల్ టైం ఎం.ఫిల్ గానీ, ప్రభుత్వం గుర్తించిన వేరే అర్హత గానీ ఉండాలి. నిమ్హాన్స్, రాంచీ సీఐపీ, తేజ్‌పూర్ ఎల్‌జీబీ ఇన్‌స్టిట్యూట్ ఈ కోర్సుకు పేరున్నవి. యూజీసీ 2022 నిబంధనలతో ఎం.ఫిల్‌ను ఎత్తేసింది. ఈ కోర్సుకూ క్లినికల్ సైకాలజీకీ మాత్రం 2025-26 అడ్మిషన్ల వరకు సడలింపు ఇచ్చింది. అందుకని చేరే ముందు ఆ సంస్థ ఇప్పుడు ఏ పేరుతో ఏ డిగ్రీ ఇస్తోందో ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. ఆ అర్హత లేనంత కాలం "సోషల్ వర్కర్" అనే రాయండి. కోర్టులో డిఫెన్స్ లాయరు మొదట అడిగేది మీ డిగ్రీనే.

"జైలు సోషల్ వర్కర్ కావలెను" అనే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తే వయసు అయిపోతుంది. దారులు వేరే ఉన్నాయి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం టీములో సైకియాట్రిక్ సోషల్ వర్కర్ పోస్టు ఉంటుంది, అది మెడికల్ అండ్ హెల్త్ వాళ్ల కాంట్రాక్టు నోటిఫికేషన్‌లో వస్తుంది. హెచ్‌ఐవీ, టీబీ కార్యక్రమాల కౌన్సెలర్లు జైళ్లకు వెళ్తుంటారు. స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులున్నాయి. నేను తేలిగ్గా చూడొద్దనే దారి ఇంకొకటుంది: జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్. గౌరవ వేతనం తక్కువే. కానీ జైల్లోని న్యాయ సాయ క్లినిక్కు వెళ్లే అవకాశం ఉంటుంది, రిమాండ్ రిపోర్టు (పోలీసులు కోర్టుకు ఇచ్చే కేసు కాగితం) చదవడం వస్తుంది. ఎంఎస్‌డబ్ల్యూలో నాకు ఎవరూ నేర్పనిది అదే.

3. గేటు దాటడం

అనుమతి కోసం రాసే ఉత్తరం ఒక పేజీ దాటొద్దు. ఎవరు వస్తారు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతమందితో మాట్లాడతారు, ఏ గదిలో, రాసుకున్న కాగితాలు ఎక్కడ ఉంటాయి. సూపరింటెండెంట్‌కు కావలసింది ఇవే. "ఖైదీల మానసిక వికాసం కోసం" అని మొదలయ్యే ఉత్తరాలు టేబుల్ మీద ఉండిపోతాయి. మంగళవారం 11 నుంచి 1 వరకు, ఇద్దరు, రోజుకు ఆరుగురు ఖైదీలు అని రాస్తే ఆ రోజే మాట్లాడతారు.

ఫోను గేటులో ఇచ్చేయాలి. బీడీ, చీటీ, డబ్బు, ఉత్తరం: ఏదీ లోపలికి తీసుకెళ్లొద్దు, బయటికి తేవొద్దు. "ఒక్క బీడీ అక్కా" అని అడిగినప్పుడు జాలి వేస్తుంది. ఆ ఒక్క బీడీతో మీ పాసు పోతుంది, మీ తర్వాత వచ్చే వాళ్ల పాసూ పోతుంది.

మొదటి నెల వార్డర్లతో ఎక్కువ మాట్లాడండి. ఎవరు అన్నం ముట్టడం లేదో, ఎవరు ములాఖత్ నుంచి వచ్చి ఆ మూల కూర్చుండిపోయారో ముందు తెలిసేది వాళ్లకే. అడ్మిషన్ రిజిస్టర్, హిస్టరీ టికెట్ (ఒక్కో ఖైదీ వివరాలు రాసే పత్రం), ఎస్కార్ట్ (వెంట వచ్చే పోలీసులు), పీటీ వారెంట్ (ఖైదీని వేరే కేసులో కోర్టుకు తెమ్మనే ఆదేశం) లాంటి మాటలు వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. వాళ్లకూ నిద్ర లేని షిఫ్టులుంటాయి. ఒక హెడ్ వార్డరు తన బీపీ మాత్రల గురించి నాతో మాట్లాడిన రోజు నుంచే నాకు బ్యారక్ వార్తలు వేళకు అందడం మొదలైంది.

4. మొదటి 72 గంటలు

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. "తాగుతవా?" అని అడిగితే "లేదు మేడం, ఎప్పుడన్న ఒకసారి" అని జవాబొస్తుంది. వార్డరు పక్కన నిలబడి ఉంటే ఆ మాటా రాదు. పైగా మన దగ్గర చాలామంది లెక్కలో తాగుడు అంటే సారా, బ్రాందీ. కల్లు తాగుడు కిందికి రాదు. కాబట్టి నేను ఇలా అడుగుతాను:

"అన్నా, మీ ఊర్ల కల్లు దొరుకుతదా? చెట్టు కల్లా, కాంపౌండ్ కల్లా? పొద్దున లేవంగనే తాగకపోతే చేతులు వణుకుతయా? ఆఖరుసారి తాగింది ఎప్పుడు, పోలీసులు పట్టుకున్న రోజా, అంతకు ముందా?"

చెట్టు నుంచి దింపిన ఈత కల్లు, తాటి కల్లు వేరు. కాంపౌండ్‌లో, అంటే కల్లు దుకాణంలో, అమ్మే కల్తీ కల్లులో దొరికే అల్ప్రజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ మత్తు మందులు. అవి రోజూ ఒంట్లోకి పోయి ఒక్కసారిగా ఆగితే మెదడు తట్టుకోలేదు. నిద్ర పోతుంది, వణుకు వస్తుంది, ఒంటి మీద పురుగులు పాకినట్టు ఉంటుంది, తర్వాత ఫిట్స్. సారా మానినప్పుడు ఫిట్స్ తొలి రెండు రోజుల్లోనే రావచ్చు. మతి చెదిరే దశ రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల వస్తుంది. మత్తు మందు కలిసిన కల్లయితే వారం దాకా కూడా ప్రమాదం పోదు.

అందుకే "మద్యం అలవాటు ఉంది" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. నేను హిస్టరీ టికెట్‌లో ఎక్కించమని అడిగే మాట ఇలా ఉంటుంది: "ఆఖరుసారి కాంపౌండ్ కల్లు సోమవారం రాత్రి 8 గంటలకు. ఫిట్స్ ఎప్పుడైనా రావచ్చు. బుధవారం రాత్రి నుంచి శుక్రవారం రాత్రి వరకు మరీ జాగ్రత్త. డాక్టరుకు చెప్పాం." ఇదే మాట రాత్రి డ్యూటీ హెడ్ వార్డరుకు నోటితో కూడా చెప్పాలి. కాగితం పగటి వాళ్లు చదువుతారు, గొడవ రాత్రి వాళ్ల చేతిలో జరుగుతుంది.

ఫిట్స్ వచ్చినా, తానెక్కడున్నాడో తెలియకపోయినా, జ్వరం, చెమటలతో లేనివి కనబడుతున్నాయన్నా పొద్దున దాకా ఆగొద్దు. అది ఆసుపత్రి కేసు. ఆ మందులు మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావడం డాక్టరు పని, మనం మాత్రల పేర్లు చెప్పొద్దు. కాళ్లూ చేతులూ కట్టేయకుండా, కొట్టకుండా, వెలుతురులో, తెలిసినవాళ్ల దగ్గర ఉంచేలా చూడడం మన పని. ఆడవాళ్లనూ ఇదే అడగాలి. మన పల్లెల్లో ఆడవాళ్లు కల్లు తాగడం కొత్త కాదు, జైల్లో చెప్పుకోవడమే సిగ్గు.

ప్రశ్నపత్రాలు వాడాలనుకుంటే మద్యానికి ఆడిట్ (AUDIT) అనేది, దిగులుకు పీహెచ్‌క్యూ-9 అనేది సరిపోతాయి. చదివి వినిపించండి, చేతికిచ్చి నింపమనొద్దు.

5. చావు మాట నేరుగా అడగండి

మొదటి రాత్రి, బెయిలు కొట్టేసిన రోజు, తీర్పు రోజు, భార్య నుంచి విడాకుల నోటీసు వచ్చిన రోజు, అందరికీ ములాఖత్ వచ్చి తనకు రాని పండుగ రోజు. ఈ రోజుల్లో మనిషిని వెతుక్కుంటూ వెళ్లి కలవాలి. "ఇంత బాధల చచ్చిపోవాలని అనిపించిందా?" అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, అలా జరగదు. అడిగాక చాలామంది ఊపిరి వదులుతారు. అవునంటే ఎప్పటి నుంచి, ఎలా అని ఆలోచించాడా, ఇంతకుముందు ప్రయత్నించాడా, ఎవరి కోసం ఆగాడు. ఈ నాలుగూ తెలుసుకోండి.

తర్వాత అతన్ని ఒంటరి సెల్లులో పెట్టనివ్వొద్దు. భద్రత పేరుతో చాలాచోట్ల అదే చేస్తారు, అది తప్పు. నమ్మకమైన తోటివాళ్ల మధ్య ఉంచమని, ఆ రోజే డాక్టరుకు చూపించమని సూపరింటెండెంట్‌కు రాసివ్వండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2023లో ఖైదీల ఆత్మహత్యల నివారణకు అన్ని రాష్ట్రాలకూ సలహాపత్రం పంపింది, మీ ఉత్తరంలో దాన్ని పేర్కొనండి.

చట్టం ఇక్కడ కొంచెం మెలికగా ఉంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, కేసు పెట్టి శిక్షించకూడదు. పాత ఐపీసీ 309 కొత్త భారతీయ న్యాయ సంహితలో లేదు. కానీ సెక్షన్ 226 ఉంది: ప్రభుత్వోద్యోగిని బెదిరించి పని చేయించుకోవడానికో ఆపడానికో ఆత్మహత్యాయత్నం చేస్తే నేరం. జైల్లో జరిగినదాన్ని ఈ సెక్షన్ కిందికి నెట్టడం తేలిక. ఆ మనిషి పది రోజులుగా నిద్రపోలేదనీ అన్నం ముట్టలేదనీ మీరు ముందే రాసిపెట్టిన కాగితం అప్పుడు అక్కరకొస్తుంది.

(చదువుతున్న మీకే మనసు బాగోలేకపోతే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయండి.)

6. టెన్షన్ ఎక్కడుందో వెతకండి

నిద్ర పట్టడం లేదన్న వాళ్లను "ఏం గుర్తొస్తుంది?" అని అడిగితే, చాలామంది నోట్లోంచి వచ్చే మొదటి మాట జామీను. బెయిలు వచ్చింది, షూరిటీలు (పూచీ ఉండేవాళ్లు) దొరకలేదు. దీనికి శ్వాస వ్యాయామం చెప్పడం నాకే నవ్వులాటగా అనిపిస్తుంది.

మూడు విషయాలు గుర్తుంచుకోండి. బెయిలు వచ్చి ఏడు రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. పేద ఖైదీలకు సాయం చేసే కేంద్ర పథకం కింద విచారణ ఖైదీకి బెయిలు డబ్బు, జరిమానా కట్టలేని శిక్ష ఖైదీకి జరిమానా డబ్బు ఒక పరిమితి వరకు అర్హతను బట్టి అందుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 479 ప్రకారం, ఆ నేరానికి పడే గరిష్ఠ శిక్షలో సగం కాలం రిమాండ్‌లోనే గడిపితే బెయిలుకు అర్హత వస్తుంది, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లకు మూడో వంతు చాలు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కంటే ఎక్కువ కేసులున్నవాళ్లకూ కుదరదు. ఉచిత న్యాయ సాయానికి 15100. నిద్రమాత్ర కంటే జామీను కాగితం బాగా పని చేయడం నేను చాలాసార్లు చూశాను.

7. ఇంటికి ఫోను

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చేరిన కొత్తలో ఒకాయన "మా ఇంటికి ఒక్క ఫోన్ చెయ్యి మేడం, మంచిగున్న అని చెప్పు" అని నంబరు చెప్పాడు. గుర్తుపెట్టుకొని బయటికొచ్చి చేశాను. అవతల ఉన్నది అతని మీద కేసు పెట్టిన భార్యే. పేరు వినగానే ఆవిడ ఫోను పెట్టేసి వాళ్లన్న ఇంటికి వెళ్లిపోయిందట. లాయరు నుంచి నాకు బాగానే అక్షింతలు పడ్డాయి, పడాల్సిందే. అప్పటినుంచి ఫోను చేసే ముందు రెండు పనులు చేస్తాను. రిమాండ్ రిపోర్టులో ఫిర్యాదుదారు, సాక్షుల పేర్లు చూస్తాను. ఫోను చేస్తున్నట్టు జైలు రిజిస్టర్‌లో రాయిస్తాను.

పాలమూరు కుటుంబాల్లో చాలామంది ముంబైలోనో పుణెలోనో కూలి పనిలో ఉంటారు. ములాఖత్‌కు రాలేదంటే వదిలేశారని కాదు. ఈ-ములాఖత్ వీడియో కాల్ ఎలా బుక్ చేయాలో వాళ్లకు ఫోన్లో దగ్గరుండి నేర్పండి. ఊళ్లో మిగిలిన ముసలి తల్లికి పక్కింటి పిల్లాడి ఫోను చాలు.

8. ఎర్రగడ్డ అనే మాట

మన వైపు "ఎర్రగడ్డకు పంపాలె" అనేది తిట్టు. అందుకే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థకు రెఫర్ చేస్తున్నారంటే తల్లి గుండె బాదుకుంటుంది. ముందు మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్యుడికి చూపించడానికి ప్రయత్నించండి. వంద కిలోమీటర్ల ఎస్కార్ట్ దొరకడం మీరనుకున్నంత తేలిక కాదు. పంపక తప్పకపోతే, అక్కడ ఎన్ని రోజులుంటాడో, మళ్లీ ఎక్కడికి వస్తాడో ఇంటివాళ్లకు మీరే ముందు చెప్పండి.

చట్టం మీ వైపే ఉంది. మెంటల్ హెల్త్‌కేర్ చట్టం సెక్షన్ 103 జబ్బున్న ఖైదీని చికిత్స ఉన్నచోటికి పంపాలంటుంది, ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్య విభాగంలో మానసిక చికిత్సా కేంద్రం ఉండాలంటుంది. సెక్షన్ 27 ఉచిత న్యాయ సాయం హక్కు ఇస్తుంది. కోర్టులో జరిగేది అర్థం చేసుకోలేని స్థితిలో ఉన్నాడనిపిస్తే లాయరుకు వెంటనే చెప్పండి. అలాంటి వాళ్ల విచారణకు బీఎన్‌ఎస్‌ఎస్ 27వ అధ్యాయంలో వేరే పద్ధతి ఉంది.

9. రాయడం, రాయకపోవడం

మొదటి మాటగా ఇది చెప్పండి: "మీరు చెప్పింది నేను బయట చెప్పను. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదముంటే, పారిపోయే ఆలోచన ఉంటే మాత్రం చెప్పక తప్పదు. కేసులో ఏం జరిగిందో నాకు చెప్పొద్దు, లాయరుకు చెప్పండి." చివరి వాక్యం మరవకండి. మీరు విన్నది రేపు కోర్టు మీతో చెప్పించవచ్చు.

నోట్సులో చూసింది, విన్నది రాయండి. "డిప్రెషన్" అని రాయడానికి మనం డాక్టర్లం కాము. "నాలుగు రోజులుగా రాత్రి అన్నం వదిలేస్తున్నాడు, రెండు గంటలే నిద్ర, బిడ్డ పేరు తలిస్తే ఏడుస్తున్నాడు" అంటే డాక్టరుకు అర్థమవుతుంది.

10. విడుదల

బెయిలు ఆర్డరు సాయంత్రం వస్తుంది, మనిషి చీకటి పడ్డాక గేటు బయట ఉంటాడు. మీరు అప్పటికి ఇంట్లో ఉంటారు. కాబట్టి విడుదల పని మనిషిని కలిసిన మొదటి వారమే చేసిపెట్టాలి: ఏ మాత్రలు, ఎన్ని రోజులవి, మళ్లీ ఏ ఆసుపత్రిలో ఏ రోజు ఓపీ అని పెద్ద తెలుగు అక్షరాలతో ఒక చీటీ. అది జైలు డాక్టరు సంతకంతో అతని ఆస్తుల కవరులో ఉంటే, మీరు లేకపోయినా బట్టలతో పాటు చేతికొస్తుంది.

కల్లు మానిన మనిషి విషయంలో ఇంకొక జాగ్రత్త. నెల రోజులు దూరంగా ఉన్న ఒంటికి పాత మోతాదు విషమే. ఇంటివాళ్లకు ఈ ముక్క వివరంగా చెప్పాలి. ఊళ్లో బస్సు దిగే చోటికీ ఇంటికీ మధ్య కాంపౌండ్ ఉందా అని అడుగుతాను. దాదాపు ఎప్పుడూ ఉంటుంది. అందుకని బావమరిదో తమ్ముడో ఒకరి నంబరు ముందే తీసుకొని, కబురు అందగానే ఎంత రాత్రయినా బండి తీసుకొని జైలు గేటు దగ్గరికే రమ్మని, ఊరికి వేరే దారిన తీసుకెళ్లమని చెప్పి పెడతాను.